బరంపురంలో ఉన్న అమ్మానాన్నలకి ఏ రకం సాయం కుదురుతుంది?

మీరు రాసిన సంగతి ఇదీ. నాన్నగారికి 78 ఏళ్ళు. మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి పక్క బలహీనపడింది, మాట సగం పోయింది, పట్టుకుంటే నాలుగు అడుగులు వేస్తారు. అమ్మగారికి 72, షుగరు, మోకాళ్ళ నొప్పులు. సొంతిల్లు ఒడిశాలోని బరంపురంలో. మీరు హైదరాబాదులో, చెల్లెలు విశాఖలో. ఒక బంధువు ఆయాని పెట్టమంటున్నారు, ఇంకొకరు భువనేశ్వర్‌లో హోమ్‌లో చేర్చమంటున్నారు, మీకేమో ఇద్దరినీ హైదరాబాదు తీసుకెళ్ళిపోవాలని ఉంది. ఏదీ తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నారు.

నేను గంజాం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇళ్ళలో పెద్దవాళ్ళని చూసుకునే ఆడవాళ్ళకి పని నేర్పిస్తున్నాను. ఊరికి దూరంగా ఉన్న పిల్లలు చాలామంది మీలాగే అడుగుతారు: ఆయానా, హోమా, మా దగ్గరకా? కాసేపు ఆ ప్రశ్న పక్కన పెట్టండి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మర్నాడు లేచేవరకు నాన్నగారు ఏ పని తనంతట తాను చేసుకుంటున్నారు, దేనికి చెయ్యి అందించాలి, ఏది పూర్తిగా ఇంకొకరు చెయ్యాలి, ఇవి వేళతో సహా కాగితం మీద రాయండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తారో అది కూడా. ఎలాంటి సాయం, ఏ పూట కావాలో ఆ కాగితమే చెబుతుంది.

రాసేటప్పుడు ఏమేం చూడాలో వైద్యంలో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన బృందం ఆరు పనులు ఎంచారు: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళి రావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తన చేత్తో తినడం. తర్వాత 1969లో లాటన్, బ్రాడీ అనే ఇద్దరు ఇంకో జాబితా ఇచ్చారు: ఫోన్ చేయడం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, బయటికి వెళ్ళి రావడం, మందులు వేళకి వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం. రెండో జాబితాలో మాత్రమే ఇబ్బంది ఉంటే ఆ మనిషికి హోమ్ అక్కర్లేదు, రోజంతా ఆయా కూడా అక్కర్లేదు. వంటమనిషి, సరుకులు తెచ్చిపెట్టే కుర్రాడు, మందుల డబ్బా నింపి వెళ్ళే ఒకరు ఉంటే చాలు. మొదటి జాబితాలో రెండు మూడు పనులు పోతే మాత్రం పక్కన మనిషి ఉండి తీరాలి. మీ నాన్నగారు ఇక్కడ ఉన్నారు. అమ్మగారు రెండో జాబితా అంచున ఉన్నారు. ఇద్దరినీ ఒకే లెక్కన చూస్తున్నారు కాబట్టే మీకు దారి తెలియడం లేదు.

ఇంటికి వచ్చి చూసే సాయం గురించి కొంచెం వివరంగా చెబుతాను, మీ ఇంటికి ఇదే ముందు పనికొస్తుంది. ఇందులో రెండు రకాల మనుషులుంటారు, ఏజెన్సీవాళ్ళు ఇద్దరినీ ‘సిస్టర్’ అనే పంపుతారు. ఒకరు అటెండరు లేదా ఆయా. స్నానం చేయించడం, డైపర్ మార్చడం, తినిపించడం, నడిపించడం, పక్కకి తిప్పడం ఆమె పని. ఇంకొకరు నర్సు. ఇంజెక్షన్, పుండుకి కట్టు కట్టడం, ముక్కులోంచి వేసే ట్యూబు, మూత్రం ట్యూబు, సెలైన్ ఇవి చదువుకుని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరున్న నర్సు మాత్రమే చెయ్యాలి. రిజిస్ట్రేషన్ కార్డు చూపించమని అడగండి. ఏమీ మొహమాటపడక్కర్లేదు, నిజమైన నర్సు వెంటనే చూపిస్తుంది. మీ నాన్నగారికి ఏ ట్యూబూ లేదు, పుండూ లేదు. కాబట్టి నర్సు జీతం ఇవ్వాల్సిన పని లేదు. మంచి ఆయా, వారానికోసారి బీపీ, షుగరు చూసి వెళ్ళే ఒక నర్సు ఉంటే సరిపోతుంది.

ఆయా మంచిదో కాదో సర్టిఫికెట్‌లో తెలియదు. మొదటి రోజు ఆమె నాన్నగారిని మంచం మీంచి ఎలా లేపుతుందో చూస్తే తెలుస్తుంది. చాలామంది పడిపోయిన చేతిని పట్టి లాగుతారు. పక్షవాతంలో భుజం చుట్టూ కండరాలు వదులైపోయి ఉంటాయి, లాగితే కీలు జారుతుంది. ఇక ఆ నొప్పికి భయపడి మనిషి వ్యాయామమే చెయ్యనివ్వడు. కుర్చీని బాగున్న వైపు, అంటే ఆయనకి ఎడమ పక్కన, మంచానికి ఆనించి కొంచెం ఏటవాలుగా పెట్టాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వెయ్యాలి. ఆయన్ని మంచం అంచుకి జరిపి రెండు పాదాలూ నేలకి ఆనేలా కూర్చోబెట్టి కాసేపు ఆగాలి, కళ్ళు తిరుగుతున్నాయా అని అడగాలి. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, చెయ్యి కాకుండా ఆ బెల్టు పట్టుకోవాలి. ఆయన కుడి మోకాలు ముడుచుకుపోకుండా తన మోకాలు అడ్డం పెట్టి, ముందుకి వంగమని చెప్పి, లేచాక ఎడమ వైపుకి తిప్పి కూర్చోబెట్టాలి. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. ఇవి తెలిసిన మనిషి దొరికితే వదులుకోకండి. తెలియకపోతే ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు ఆమెని పక్కన నిలబెట్టి నేర్పించండి. నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్ళకి ఇది త్వరగానే పట్టుబడుతుంది.

తినిపించడం దగ్గర కూడా గట్టిగా ఉండాలి. పక్షవాతం తర్వాత మింగడం సరిగా రాని వాళ్ళు చాలామంది. నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతుంటే, తిన్నాక గొంతు గరగరలాడుతుంటే, ముద్ద బుగ్గలో మిగిలిపోతుంటే అన్నం, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయేమో చూపించాలి. న్యుమోనియా అలాగే వస్తుంది. పడుకోబెట్టి తినిపించకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చిన్న చిన్న ముద్దలు పెట్టాలి, తిన్నాక అరగంటైనా కూర్చోబెట్టే ఉంచాలి.

ఇక భాష. మన బరంపురం తెలుగువాళ్ళు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ పెరిగినవాళ్ళు, ఒడియా ఆయా అయినా ఫరవాలేదనుకుంటారు. పక్షవాతంలో మాట దెబ్బతిన్నవాళ్ళకి రెండు భాషలూ ఒకే తీరున తిరిగి రావాలని లేదు. ఒకటి ముందు రావచ్చు, ఇంకొకటి వెనకబడవచ్చు. నాన్నగారు ఇప్పుడు దేనికి ఎక్కువ తల ఊపుతున్నారో, ఏ భాషలో చెబితే చెయ్యి కదుపుతున్నారో అమ్మగారిని గమనించమనండి. తెలుగే అయితే తెలుగు వచ్చిన మనిషినే వెతకండి. బరంపురం తెలుగు వీధుల్లోనూ, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిచేసేవాళ్ళలోనూ అడిగితే దొరుకుతారు. దొరికినావిడకి ఒడియా మాత్రమే వస్తే మంచం పక్క గోడకి ఒక అట్ట తగిలించండి. నీళ్ళు తాగుతున్న మనిషి, బాత్రూం, దుప్పటి, నొప్పితో ముడుచుకున్న మొహం, పక్కకి తిరిగి పడుకున్న మనిషి, ఇలా బొమ్మలు పెద్దగా వేసి కింద రెండు లిపుల్లోనూ రాయండి. నాన్నగారు వేలు పెట్టి చూపిస్తారు. మాట రాని మనిషికి తన అవసరం ఎదుటివాళ్ళకి తెలియడం ఎంత ఊరటో నేను వార్డుల్లో చూశాను. కోపాలు, అన్నం తోసేయడాలు అక్కడే సగం తగ్గుతాయి.

ఆయాని ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నా, తెలిసినవాళ్ళ ద్వారా పెట్టుకున్నా ఆధార్ కాపీ తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. మీరిచ్చే డబ్బులో ఆమె చేతికి ఎంత వెళుతుందో ఏజెన్సీని అడగండి, అది మరీ తక్కువైతే ఆమె నిలవదు. ఆమె రాని రోజు ఎవరు వస్తారో ముందే తేల్చుకోండి. ఇరవైనాలుగు గంటల మనిషి అంటే ఆమెకి నిద్ర ఉండదని అర్థం కాదు. రాత్రి నాలుగైదు సార్లు లేపాల్సి వస్తే పగలు ఒకరు, రాత్రి ఒకరు కావాలి. వాళ్ళకి వేళకి అన్నం, పడుకోవడానికి చోటు, నెలలో సెలవులు ఇచ్చే ఇంట్లోనే మనుషులు నిలుస్తారు.

ఇంటి సాయంలో ఫిజియోథెరపీ కూడా ఒకటి. మీ విషయంలో దాన్ని ఆయా కంటే ముందు పెడతాను. పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి కొద్ది నెలల్లోనే ఎక్కువగా జరుగుతుంది. నాన్నగారికి మూడు నెలలయ్యాయి, ఇంకా మంచి సమయమే ఉంది. బరంపురంలోని ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆయన్ని చూసిన డాక్టరు దగ్గరే ఫిజియోథెరపీకి రాయించుకుని, మిగతా రోజులు ఇంటికి వచ్చే ఫిజియో చేత చేయించండి. నడకే కాదు, చేతి వేళ్ళు, రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, మాటకి స్పీచ్ థెరపీ కూడా అడగండి. స్పీచ్ థెరపీ ఆయనకి బాగా వచ్చిన భాషలో జరగాలి. తెలుగు స్పీచ్ థెరపిస్టు బరంపురంలో దొరక్కపోతే విశాఖ, హైదరాబాదు వాళ్ళతో వీడియో కాల్‌లో చేయించుకోవచ్చు, పక్కన అమ్మగారో ఆయానో కూర్చుంటే చాలు. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి శిక్షణ తీసుకోవాల్సిన పరిస్థితి వస్తే కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ, స్వామి వివేకానంద పేరుతో ఉన్నది, అందుకే ఉంది.

డే కేర్ సెంటర్లు, అంటే పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేసేవి, ఒంటరిగా ఉండి తిరగగలిగే పెద్దవాళ్ళకి బాగుంటాయి. కబుర్లు, భోజనం, బీపీ చూడటం అన్నీ అక్కడ అయిపోతాయి. మన వైపు తక్కువే. నాన్నగారికి ఇప్పుడు పనికిరాదు.

హోమ్‌ల సంగతికి వద్దాం. వృద్ధాశ్రమం అన్న బోర్డు చూసి అన్నీ ఒకటే అనుకోకండి. దిక్కులేని పెద్దవాళ్ళకి ప్రభుత్వ సాయంతో ఉచితంగా నడిచేవి కొన్ని. 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి సరిపడా ఆశ్రమం రాష్ట్రాలు పెట్టవచ్చు, కేంద్రం కూడా స్వచ్ఛంద సంస్థలకి ఇందుకు డబ్బిస్తుంది. డబ్బు కట్టి ఉండేవి ఇంకొన్ని. ఈ రెండింటిలో చాలావాటికి ఒక షరతు ఉంటుంది: మనిషి తన పని తాను చేసుకోగలగాలి. మంచాన పడ్డవాళ్ళని తీసుకోరు, తర్వాత మంచాన పడితే ఇంటికి తీసుకెళ్ళమంటారు. మీ బంధువు చెప్పిన హోమ్‌కి ఫోన్ చేసి మొదట అడగాల్సింది ఇదే.

మూడో రకం అసిస్టెడ్ లివింగ్. సొంత గది, భోజనం, బట్టలు, స్నానానికి సాయం, పిలిస్తే నర్సు. ఇవి పెద్ద నగరాల్లో పెరుగుతున్నాయి, హైదరాబాదులో మీకు కనిపిస్తాయి. నెలకి కట్టేది ఎక్కువే, కొన్ని చోట్ల ముందు పెద్ద డిపాజిట్ అడుగుతారు. మధ్యలో వచ్చేస్తే ఎంత తిరిగి ఇస్తారు, సాయం ఎక్కువ కావాల్సి వస్తే నెల డబ్బు ఎంత పెరుగుతుంది, ఆసుపత్రికి తీసుకెళ్తే ఎవరు వెంట ఉంటారు, ఇవి కాగితం మీద లేకపోతే సంతకం పెట్టకండి. నాలుగోది నర్సింగ్ కేర్ హోమ్. ఇరవైనాలుగు గంటలూ నర్సులుండి ట్యూబులు, పుండ్లు, ఆక్సిజన్ ఉన్నవాళ్ళని కూడా చూస్తారు. ఆసుపత్రి నుంచి పంపేశాక ఇంటికి తెచ్చుకోలేని కొన్ని వారాలకి ఇది అక్కరకొస్తుంది.

ఏ హోమ్‌నైనా చూడటానికి వెళ్తే ఆఫీసు గదిలో కూర్చుని రాకండి. ముందుగా చెప్పకుండా సాయంత్రం భోజనాల వేళకి వెళ్ళండి. లోపలికి అడుగు పెట్టగానే మూత్రం వాసన ఉందా? మంచాన ఉన్నవాళ్ళకి ఎవరు తినిపిస్తున్నారు, ఒక్కొక్కరికి ఎంతసేపు? మంచాన ఉన్న ఒకరి మడమలు, నడుము కింద భాగం ఎర్రబడి ఉన్నాయా, పక్కకి తిప్పిన టైం ఎక్కడైనా రాస్తున్నారా అని అడగండి. రెండు గంటలకోసారి తిప్పకపోతే పుండ్లు పడతాయి, ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అక్కడి ఆయాలనే అడగండి, మేనేజరుని కాదు. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నది మీకు ముఖ్యం. భువనేశ్వర్‌లో తెలుగు లేని గదిలో, మాట పోయిన నాన్నగారిని ఒంటరిగా ఉంచడం నాకు ఇష్టం లేదు. అమ్మగారిని ఆయన నుంచి విడదీసినట్టూ అవుతుంది.

రెస్పైట్ కేర్ అనే ఇంకో సాయం ఉంది, చూసుకునేవాళ్ళకి విశ్రాంతి కోసం పెద్దవాళ్ళని కొద్ది రోజులు హోమ్‌లోనో ఆసుపత్రిలోనో ఉంచడం, లేదా ఆ రోజులకి ఇంట్లో అదనపు మనిషిని పెట్టడం. మన ఇళ్ళలో దీన్ని తప్పుగా చూస్తారు, అమ్మకి నాన్నని చూసుకోవడం బరువా అంటారు. మీ అమ్మగారికి 72 ఏళ్ళు, మోకాళ్ళు నొప్పి, షుగరు. ఆవిడ రాత్రులు నిద్ర లేకుండా భర్తని బాత్రూంకి లేపుతూ ఉంటే ఏదో ఒక రోజు ఇద్దరూ కలిసి పడతారు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం. నెలకి రెండు మూడు రోజులు ఆవిడని విశాఖలో చెల్లెలి దగ్గరికి పంపండి, ఆ రోజులకి మీరు రండి. ఆయా ఉన్నా సరే ఇంట్లో ఒక సొంత మనిషి ఉండాలి.

మీ ఇంట్లో లేదు కానీ చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఉంటుంది కాబట్టి మతిమరపు జబ్బు, అంటే డిమెన్షియా గురించి చెబుతాను. పెద్దవాళ్ళు మర్చిపోవడం వయసుకి మామూలే అని వదిలేస్తారు. వంట చేస్తూ స్టవ్ సంగతి మర్చిపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, ఒకే ప్రశ్న పది నిమిషాల్లో మళ్ళీ మళ్ళీ అడగడం, లెక్కలు తారుమారవడం ఉంటే చూపించాలి. ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు, డిప్రెషన్ చూస్తారు, వాటి వల్ల వచ్చే మతిమరపు మందులతో తగ్గవచ్చు. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మనిషి అయోమయంలో పడితే అది డిమెన్షియా కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్త మందు, మలబద్ధకం, ఇలాంటి కారణం ఉంటుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నిజంగా డిమెన్షియా అయితే మామూలు వృద్ధాశ్రమం పనికిరాదు, తలుపులు, గేట్లు జాగ్రత్తగా ఉండి, అలాంటివాళ్ళని చూడటం నేర్చుకున్న మనుషులుండాలి. జబ్బు పెరిగేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగిలే వాళ్ళు చాలామంది. ఒడిశా వైపు పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో ఒడియా ధారాళంగా మాట్లాడిన మాస్టార్లు కూడా చివరికి తెలుగుకే వచ్చేస్తారు. ఆ వైపు వాళ్ళు హోమ్ వెతికేటప్పుడు శ్రీకాకుళం, విశాఖ వైపు చూడటం మంచిదని నేను చెబుతాను.

పాలియేటివ్ కేర్ గురించి ఎవరూ అడగరు. అది చావుకి దగ్గరైన వాళ్ళకే అనుకుంటారు. నయం కాని జబ్బు ఉన్నప్పుడు నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, భయం తగ్గించే వైద్యం అది, మిగతా వైద్యంతో పాటే నడుస్తుంది. క్యాన్సర్‌కే కాదు, గుండె బాగా బలహీనపడ్డవాళ్ళకి, కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్ళకి, ముదిరిన డిమెన్షియాకి కూడా. తీవ్రమైన నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ సురక్షితమైన మందు, డాక్టరు చెప్పినట్టు వాడితే అలవాటవుతుందన్న భయం అక్కర్లేదు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక ఆసుపత్రులకి అది తెప్పించుకోవడం సులువైంది. పెద్దాయన నొప్పితో రాత్రంతా మూలుగుతుంటే ‘ఇంకేం చెయ్యలేం’ అని ఎవరైనా చెబితే ఆ మాట దగ్గర ఆగకండి. నొప్పికి ఏం చేస్తారు అని అడగండి, పాలియేటివ్ డాక్టరు ఎక్కడున్నారో అడగండి. అది అడిగే హక్కు మీది.

ఇక కాగితాలు. సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్ళకి ఇక్కడే చిక్కు. 70 దాటిన ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది, ఒడిశా 2025లో ఈ పథకంలో చేరింది. మీ అమ్మగారూ నాన్నగారూ ఇద్దరూ అర్హులే, ఆధార్ చాలు, ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. పథకంలో ఉన్న ఆసుపత్రి ఏ రాష్ట్రంలోదైనా చెల్లుతుంది, విశాఖలో చేర్చినా హైదరాబాదులో చేర్చినా పనికొస్తుంది. కాకపోతే ఇది ఆసుపత్రిలో చేరితేనే. ఆయా జీతం, హోమ్ ఫీజు, ఇంటి ఫిజియోథెరపీ దీంట్లో రావు. ఈ తేడా తెలియక చాలామంది కార్డు ఉందిగా అని ధీమాగా ఉండి తర్వాత ఇబ్బంది పడుతున్నారు. నాన్నగారికి కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల వైద్య సౌకర్యం లాంటిది ముందే ఉంటే రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి, అది చూసుకుని కార్డు తీయించండి.

ఒడిశాలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ తీసుకునే పేద కుటుంబాల వాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. అది ఒడిశా నివాసులకి ఇచ్చేది. తల్లిదండ్రులని శాశ్వతంగా ఆంధ్రాకో తెలంగాణాకో తీసుకెళ్ళి ఆధార్ చిరునామా మార్చేస్తే ఆ పెన్షన్ ఆగుతుంది, కొత్త చోట వెంటనే మొదలవదు. మూడు నాలుగు నెలలు చూడటానికి తీసుకెళ్ళేటప్పుడు చిరునామా జోలికి పోకండి. చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు లాంటివి కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. 60 దాటి, బీపీఎల్ కార్డు ఉన్నా నెల ఆదాయం 15,000 లోపు ఉన్నా అర్హులే. జిల్లా సామాజిక భద్రత ఆఫీసులో శిబిరం ఎప్పుడో కనుక్కోండి. 70 దాటినవాళ్ళకి ఇంటికి వచ్చి డబ్బు ఇవ్వడం, తీసుకోవడం లాంటి సేవలు అందించాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకి చెప్పింది, నాన్నగారిని బ్యాంకు మెట్లు ఎక్కించకండి. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ కూడా ఫోన్‌లో మొహం చూపించి ఇంట్లోంచే ఇవ్వచ్చు.

ఇల్లు రాసివ్వడం గురించి మీరు అడగలేదు, కానీ బంధువులు ఇలాంటప్పుడే ఆ మాట ఎత్తుతారు. ‘ఎవరు చూసుకుంటే వాళ్ళ పేరున రాసేయండి’ అంటారు. తొందరపడకండి. 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్ళు చూడకపోతే ఆ పత్రాన్ని ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. ఈ సెక్షన్‌ని వృద్ధులకి మేలు జరిగేలా చూడాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 2022లో, షరతు ఉన్నట్టు తేలకపోతే రద్దు కుదరదని కూడా చెప్పింది. అందుకే ఎప్పుడైనా రాయాల్సి వస్తే, తిండి, వైద్యం, ఉండే చోటు ఇస్తామన్న షరతు పత్రంలోనే స్పష్టంగా ఉండాలి. ట్రిబ్యునల్ అంటే భయపడక్కర్లేదు, ఒడిశాలో సబ్ కలెక్టరే దాన్ని చూస్తారు. పోషణ ఖర్చు కోసం వేసిన దరఖాస్తు నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, నెలకి 10,000 వరకు ఇప్పించవచ్చు. పెద్దవాళ్ళని ఎవరైనా కొడుతున్నా, వదిలేసినా, ఎక్కడ అడగాలో తెలియకపోయినా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయొచ్చు, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 వరకు ఉంటుంది.

ఇప్పుడు మీ ఇంటికి నేను చెప్పేది. ఈ ఆరు నెలలు ఇద్దరినీ బరంపురంలోనే ఉంచండి. నాన్నగారి కేసు తెలిసిన డాక్టరు అక్కడ ఉన్నారు, పలకరించే మనుషులున్నారు, అమ్మగారికి వీధి తెలుసు. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ తలుపు వేసుకుని మీరు ఆఫీసుకి వెళ్ళిపోతే ఆవిడ ఒంటరైపోతారు. పగలు తెలుగు వచ్చిన ఆయా, వారంలో ఐదారు రోజులు ఫిజియో, వారానికోసారి నర్సు. రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ, బాత్రూంలో ఎడమ చేతికి అందేలా గోడకి గట్టి రాడ్డు, నేల మీద జారే పట్టాలు తీసేయడం. కాగితంలో రాత్రి రెండుసార్లకి మించి లేస్తున్నట్టు తేలితే రాత్రి మనిషిని కూడా పెట్టండి, అది అమ్మగారి భుజాల మీద వేయకండి. ఆరు నెలలకి నాన్నగారు ఎంతవరకు కోలుకున్నారో చూసి, అప్పటికీ సాయం పెరగాల్సి ఉంటే చెల్లెలికి దగ్గరగా విశాఖలో చూడటం నాకు హైదరాబాదు కంటే మేలనిపిస్తుంది. బరంపురం నుంచి రైలులో ఒక పూట ప్రయాణం, భాష ఒకటే, తిండి ఒకటే. అప్పుడైనా ఇల్లు అమ్మకుండా, ఒక నెల ఉంచి చూసి నిర్ణయించండి.

మళ్ళీ మూతి ఒక పక్కకి వంగినా, చెయ్యి జారిపోయినా, మాట ఇంకా తడబడినా పొద్దున్న చూద్దాం అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలని, ఎప్పుడు మొదలైందో ఆ టైం చెప్పాలని అమ్మగారికీ ఆయాకీ ఇద్దరికీ చెప్పి ఉంచండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. బీపీ, షుగరు, రక్తం పలచన చేసే మందులు డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు.

రేపు అమ్మగారికి ఫోన్ చేసినప్పుడు రెండు విషయాలు కనుక్కుని రాయండి: నాన్నగారు నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతున్నారా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు. మొదటిది అవునంటే ఆయా వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే డాక్టరుకి చూపించండి. ఆయన ఏం తినాలో, ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టరు చెప్పాక, దాన్ని ఆయాకి రోజువారీగా ఎలా అప్పజెప్పాలో నేను రాసి పంపుతాను.